ప్రొఫెసర్ పేరు చెప్పి టూర్ అమ్మారు, ఆయన రాలేదు: పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: ఈజిప్టు పురాతన కట్టడాల అధ్యయన యాత్రకు 22 మందిమి మనిషికి రూ.2.40 లక్షలు కట్టాం. పురావస్తు శాస్త్ర ప్రొఫెసర్ ఒకరు పది రోజులూ వెంట ఉండి వివరిస్తారని ఆయన పేరు, ఫొటోతో బ్రోషర్ ఇచ్చారు. తీరా బయల్దేరే ముందురోజు ఆయన రావడం లేదని వాట్సాప్‌లో చెప్పారు. అంతటా స్థానిక గైడే చూపించాడు. కార్యక్రమంలో ఉన్న అబూ సింబెల్ ఆలయాల సందర్శన ఎత్తేశారు. అడిగితే, 'కార్యక్రమం మార్చే హక్కు కంపెనీదే' అన్న షరతు చూపిస్తున్నారు. వివాదాలు ఢిల్లీలోనే తేల్చుకోవాలని కూడా అందులో ఉంది. మేమంతా తెలంగాణలో ఉంటాం. ఏం చేయాలి?

జవాబు: వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద మీకు కేసు ఉంది. కంపెనీ అమ్మింది ఉత్త ఈజిప్టు టూరా, ఆ ప్రొఫెసర్‌తో కలిసి చూసే యాత్రా అన్నదే ఇందులో కీలకం. పేరు, ఫొటో వేసి 'అధ్యయన యాత్ర' అని అమ్మాక ఆయన లేకపోవడం చిన్న మార్పు కాదు. సెక్షన్ 2(11) ప్రకారం అది సేవాలోపం. ఆయన ఒప్పుకోకముందే పేరు వాడుకున్నారని తేలితే 2(28) కింద తప్పుదోవ పట్టించే ప్రకటన కూడా అవుతుంది. అందుకే ముందుగా ప్రొఫెసర్‌కే మర్యాదగా ఒక మెయిల్ రాయండి. ఎప్పుడు ఒప్పుకున్నారు, రాలేనని కంపెనీకి ఏ తేదీన చెప్పారు అని అడగండి. చివరి విడత డబ్బు మీ దగ్గర తీసుకునేనాటికే కంపెనీకి విషయం తెలుసని బయటపడితే కేసు సగం గెలిచినట్టే. ఆయన నిజంగా జబ్బుపడి ఉంటే మోసమనలేం. అప్పుడు కూడా అంతటి అర్హత ఉన్న మరొకరిని పంపడమో, తేడా సొమ్ము వెనక్కివ్వడమో చేయాల్సింది కంపెనీయే.

'ఈజిప్టులో లైసెన్సున్న స్థానిక గైడే వివరించాలి' అని కంపెనీ వాదించవచ్చు. ఆ నియమం నిజమే. కానీ అది టూర్ అమ్మేనాటికే ఉన్న నియమం. ఇలాంటి యాత్రల్లో కట్టడాల దగ్గర గైడ్ మాట్లాడతాడు, సాయంత్రం హోటల్లోనో బస్సులోనో నిపుణుడు ఉపన్యాసమిస్తాడు. కాబట్టి ఈ వాదన ప్రొఫెసర్ గైర్హాజరీకి జవాబు కాదు.

అబూ సింబెల్ అస్వాన్ నగరానికి దక్షిణాన సుమారు 280 కిలోమీటర్లు. అధికారులు దారి మూసి ఉంటే పరిహారం రావడం కష్టం, ఖర్చుకాని టికెట్, రవాణా సొమ్ము మాత్రం అడగొచ్చు. ఖర్చు మిగుల్చుకోవడానికే మానేస్తే అది లోపమే. ఇక్కడ ఒక జాగ్రత్త. బ్రోషర్‌లో పేరుపెట్టి రాసిన స్థలాల గురించే పట్టుబట్టండి. ఫారోల సమాధులున్న 'రాజుల లోయ' అని మాత్రమే ఉంటే టుటన్‌ఖామున్ సమాధి చూపలేదని ఫిర్యాదు చేయలేరు. అక్కడ సాధారణ టికెట్ మూడు సమాధులకే, టుటన్‌ఖామున్ సమాధికి విడి టికెట్ కొనాలి.

ఢిల్లీ షరతుకు భయపడకండి. ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే హక్కు చట్టమే ఇచ్చింది (జిల్లా వినియోగదారుల కమిషన్‌కు సెక్షన్ 34, రాష్ట్ర కమిషన్‌కు 47). కార్యక్రమం మార్చే షరతు సంగతి కాస్త మెలికతో కూడుకున్నది. ఒప్పందంలోని షరతు అన్యాయమైనదని, చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కూ ఆ పైనున్న జాతీయ కమిషన్‌కూ ఉంది గానీ జిల్లా కమిషన్‌కు లేదు. జిల్లాలో వేస్తే ఫిర్యాదును సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే రాయాలి. షరతు రద్దు చేయమని అక్కడ కోరితే ఆ అంశం మీదే అభ్యంతరాలు మొదలవుతాయి.

ఎక్కడ వేయాలన్నది మీరు చెల్లించిన సొమ్మును బట్టి ఉంటుంది. జిల్లా పరిమితి రూ.50 లక్షలు. విడివిడిగా వేస్తే ఒక్కొక్కరిది 2.40 లక్షలే, ఫీజు లేదు. 22 మందీ కలిస్తే 52.80 లక్షలు, అంటే రాష్ట్ర కమిషన్, ఫీజు రూ.2,000. ఇద్దరు తప్పుకుంటే 48 లక్షలతో మళ్లీ జిల్లాకే వస్తుంది! మీ విషయంలో అందరూ సంతకాలు పెట్టి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లడమే నయమంటాను. సాక్ష్యాలన్నీ ఒక్కటే, షరతును కూడా అక్కడే సవాలు చేయొచ్చు.

మొత్తం డబ్బు వాపసు అడగకండి. విమానం ఎక్కారు, పది రోజులు హోటళ్లలో ఉన్నారు. అతిగా అడిగితే అసలు కోరిక కూడా పలుచనవుతుంది. అదే కంపెనీ అమ్మే మామూలు ఈజిప్టు టూర్ ధర వెతకండి. అన్ని రోజులే, ఆ స్థాయి హోటళ్లే అయితే రెండు ధరల మధ్య తేడాయే ప్రొఫెసర్ విలువ. దానికి అబూ సింబెల్ ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు కలపండి.

వెబ్‌సైట్ పేజీలు ఈరోజే తేదీతో భద్రపరచండి, అవి మారిపోతాయి. వాట్సాప్ సందేశాలకు స్క్రీన్‌షాట్లతో సరిపెట్టక, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. తిరుగు ప్రయాణంలో ఎవరైనా 'చాలా బాగుంది' అని ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి ఉంటే ముందే మీ లాయరుకు చెప్పండి, కంపెనీ మొదట చూపించేది అదే.

గడువు రెండేళ్లు (సెక్షన్ 69). ముందుగా కంపెనీకి నోటీసు ఇవ్వడం తప్పనిసరి కాదు, అయినా 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు. ఆ ఫిర్యాదుకు జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈలోగా 'తర్వాతి టూర్‌లో రాయితీ' అంటూ కూపన్ ఇస్తే, దాని కింద 'పూర్తి పరిష్కారంగా స్వీకరించాను' అన్న వాక్యం ఉందేమో చూడకుండా సంతకం చేయొద్దు.