ముందు బాబు డబ్బు కట్టండి, తర్వాతే స్పాన్సర్‌షిప్ ఫారం తెరవండి

హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు. బాబు వాళ్లమ్మ దగ్గర ఉన్నాడు. మీరు కెనడాలో పీఆర్, అంటే శాశ్వత నివాసి. మొన్న ఇండియా వెళ్లి రెండో పెళ్లి చేసుకున్నారు, ఇప్పుడు భార్యను స్పాన్సర్ చేయాలి, అంటే పూచీ పడి కెనడాకు తెచ్చుకోవాలి. ఇండియాలో తీసుకున్న విడాకులు కెనడాలో చెల్లుతాయా అని మీ ప్రశ్న. చివర్లో బ్రాకెట్లో "బాబు మెయింటెనెన్స్ ఏడు నెలలుగా కట్టలేకపోయాను, దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటా" అని రాశారు. సంబంధం ఉంది. నేను ఇదంతా రాయడానికి కూర్చున్నది ఆ బ్రాకెట్లో మాట చదివాకే.

విడాకుల సంగతి ముందు తేల్చేస్తాను. మీవి చెల్లుతాయి. కెనడా డివోర్స్ యాక్ట్‌లో సెక్షన్ 22 అని ఒకటుంది. విడాకుల కేసు వేయడానికి ముందు కనీసం ఏడాది పాటు ఇద్దరిలో ఒక్కరైనా ఆ దేశంలో స్థిరంగా ఉండి ఉంటే, అక్కడి కోర్టు ఇచ్చిన విడాకులను కెనడా గుర్తిస్తుంది. మీ మొదటి భార్య హైదరాబాద్ వదిలి ఎక్కడికీ వెళ్లలేదన్నారు కాబట్టి దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి, తెలుగులో ఉంటే అనువాదం చేయించండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. డిక్రీలో మీ పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో ఉండి, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే, రెండూ ఒకరి పేర్లేనని అఫిడవిట్ పెట్టండి. మన తెలుగువాళ్లకు ఈ ఇంటిపేరు తిప్పలు జన్మంతా తప్పవు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. నాకు మూడు అఫిడవిట్లు పట్టాయి.

అసలు చిక్కంతా తిరగేసి చేసేవాళ్లకు వస్తుంది. అంటే పెళ్లి ఇండియాలో చేసుకుని, భార్యను అక్కడే వదిలి, కెనడాలోనో అమెరికాలోనో ఒంటరిగా కేసు వేసి విడాకులు తెచ్చుకునేవాళ్లకు. కెనడా దృష్టిలో ఆ విడాకులు మంచివే. కానీ ఇండియాలో చేసుకున్న రెండో పెళ్లిని కెనడా ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకోవాలంటే, ఆ పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం కూడా చెల్లాలి, కెనడా చట్టం ప్రకారం కూడా చెల్లాలి. రెండూ కావాలి. ఇండియా ఆ విడాకులనే ఒప్పుకోకపోతే, అన్నవరంలో ఎంత ఘనంగా చేసుకున్నా అక్కడి చట్టం ముందు అది పెళ్లి కాదు.

దీని మీద 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన తెలుగువాళ్ల కేసులోదే. లాయర్లు నరసింహారావు కేసు అంటారు. తిరుపతిలో 1975లో పెళ్లి, అమెరికాలో మిస్సోరి కోర్టు విడాకులు, 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. మొదటి భార్య కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆ మిస్సోరి విడాకులు ఇండియాలో చెల్లవని కోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే రద్దు చేయాలి, అవతలి మనిషి ఆ కోర్టుకు తనంతట తాను వచ్చి వాదించుకోవాలి లేదా విడాకులకు ఒప్పుకోవాలి, ఊరికే నోటీసు పంపి రాలేదని రాసేస్తే కుదరదు అని దాని సారాంశం. అది వచ్చి దాదాపు ముప్పై ఏళ్లవుతున్నా, మా ఆఫీసులో ఒకాయన 2019లో సరిగ్గా ఇదే చేశాడు. ఒంటారియో కోర్టు నుంచి విడాకులు, భీమవరంలో ఉన్న భార్యకు పోస్టులో కాగితాలు. చివరికి ఇండియా వెళ్లి, ఆమెతో మాట్లాడుకుని, అక్కడ మళ్లీ విడాకులు తీసుకుని, రెండో భార్యను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. రెండున్నరేళ్లు పోయాయి. పెద్దమనుషుల మధ్య వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని "మాకు విడాకులైపోయాయి" అనుకునేవాళ్ల సంగతి ఇంకా కష్టం. తమ కులంలో అలాంటి ఆచారం ఉందని గట్టిగా రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితానికి విలువ లేదు.

ఇక బ్రాకెట్లో మాట.

కెనడా ఇమిగ్రేషన్ రెగ్యులేషన్లలో 133 అని ఒకటుంది. స్పాన్సర్ చేసే మనిషికి ఏమేం అర్హతలుండాలో అందులో రాశారు. కోర్టు కట్టమన్న మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాడి దరఖాస్తు ఆమోదించకూడదని అందులోనే ఉంది. కెనడా కోర్టు అని లేదు, కోర్టు అనే ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నిర్ణయం వచ్చే రోజు వరకూ ఆ అర్హత ఉండాలి. ముందు పెట్టేద్దాం, వాళ్లు అడిగినప్పుడు కట్టేద్దాం అంటే కుదరదు. పెట్టిన రోజుకే బాకీ ఉండకూడదు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

నా మొదటి పెళ్లి 2010లో గుంటూరులో జరిగింది. పాప 2012లో పుట్టింది. 2016లో పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. పాప వాళ్లమ్మ దగ్గర, నేను నెలకు 12,000 కట్టాలని డిక్రీలో రాశారు. 2018లో కెనడా వచ్చాను. 2020 ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. ఆ నెల నుంచి 2021 ఫిబ్రవరి దాకా పదకొండు నెలలు డబ్బు పంపలేదు. మధ్యలో ఒకసారి స్కూలు ఫీజు 48,000 నేరుగా స్కూలుకే కట్టాను, ఆన్‌లైన్ క్లాసులకు ట్యాబ్ కొనిపెట్టాను. నా లెక్కలో నేను బాకీ లేను. ఆమె కోర్టుకు వెళ్లలేదు, నోరెత్తి అడగనూ లేదు. అంతా సర్దుకుపోయింది అనుకున్నాను.

2022లో రాజమండ్రి అమ్మాయిని చేసుకున్నాను. 2023 జనవరిలో ఒక రాత్రి కెనడాలో, బ్రాంప్టన్‌లో, స్పాన్సర్‌షిప్‌కు పెట్టే ఐఎంఎం 1344 ఫారం నింపుతున్నాను. అటు వీడియో కాల్‌లో మా ఆవిడ. మెయింటెనెన్స్ బాకీ ఉన్నారా అనే ప్రశ్న వచ్చింది. లేదు అని టిక్కు పెట్టబోయాను. పెళ్లిచూపుల నాడే ఆమెకు అన్నీ చెప్పాను కాబట్టి ఆమెకు గుర్తుంది.

"ఆ పదకొండు నెలల సంగతో?" అంది.

"ఫీజు కట్టాగా."

"ఫీజు కట్టడం వేరు, కోర్టు చెప్పిన డబ్బు వేయడం వేరు అండీ. డిక్రీలో ఏం రాశారో తీసి చదవండి."

తీసి చదివాను. ప్రతి నెలా 10వ తేదీ లోపు పాప తల్లి బ్యాంకు ఖాతాలో జమ చేయాలి అని ఉంది. స్కూలుకు కట్టవచ్చని గానీ, వస్తువుల రూపంలో ఇవ్వవచ్చని గానీ ఎక్కడా లేదు. విడాకులైన ఆరేళ్లకు ఆ పేరా మొదటిసారి పూర్తిగా చదివాను. నెలకు 12,000 చొప్పున పదకొండు నెలలకు 1,32,000. ఆ రాత్రి ఫారం మూసేశాను.

డబ్బు ఆన్‌లైన్లో పంపేయొచ్చు. కానీ బాకీ తీరిందని పాప వాళ్లమ్మ సంతకం కావాలి, ఫోన్‌లో అడిగే ముఖం నాకు లేదు. ఫిబ్రవరిలో రెండు వారాలు సెలవు పెట్టి వెళ్లాను. అరండల్‌పేటలో మా లాయర్ గారి ఆఫీసులో కలిశాం. ఆమె, వాళ్ల నాన్నగారు వచ్చారు. మామయ్య గారు ఎదురుగా కూర్చున్నారు, తెప్పించిన కాఫీ ముట్టలేదు. నేను చెక్కు టేబుల్ మీద పెట్టి, స్కూలు ఫీజు విషయం ఎత్తాను, 48,000 తగ్గించుకోవచ్చా అని. ఎందుకు ఎత్తానో ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆమె ఏమీ అనలేదు. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా గీతలు గీసి రాసుకుంది. ఆటో. నోట్‌బుక్స్. డెంగీ జ్వరం, హాస్పిటల్ నాలుగు రోజులు. నెట్ రీఛార్జ్. పాప కళ్లజోడు 1,850. పాపకు కళ్లజోడు వచ్చిందని నాకు తెలియదు. వారం వారం వీడియో కాల్ చేస్తున్నాను, అప్పుడు తీసేసి కూర్చునేదట. ఆగస్టు నెల దగ్గర ఎడమ పక్కన "గాజులు కుదువ, 60,000" అని ఉంది. ఆ గాజులు మా అమ్మ పెళ్లిలో పెట్టినవి.

నోట్‌బుక్ మూసి ఇచ్చేశాను. మొత్తం 1,32,000కీ చెక్కు రాశాను, ఫీజు మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె రసీదు రాసిచ్చింది, నెలల వారీగా, ఒక్కో నెల పేరు రాసి. లాయర్ గారు బాకీ పూర్తిగా తీరిందని మెమో తయారుచేసి ఇద్దరి సంతకాలతో కోర్టులో దాఖలు చేశారు. వెళ్లేటప్పుడు మామయ్య గారు "పాపకి ఆదివారం పూట ఫోన్ చేయి బాబూ, మిగతా రోజుల్లో ట్యూషన్" అన్నారు. అంతే మాట్లాడారు.

నాకు సలహా ఇచ్చిన కన్సల్టెంట్ ఒకాయన ఉన్నాడు, పేరు చెప్పను. "ఇండియా కోర్టు బాకీ ఇక్కడివాళ్లకు ఎలా తెలుస్తుందండీ, లేదు అని కొట్టేయండి" అన్నాడు. ఇలాంటి సలహాకు వాళ్లు డబ్బులు కూడా తీసుకుంటారు. తెలిసినా తెలియకపోయినా అది అబద్ధం, పైగా సంతకం మీది. అబద్ధం బయటపడితే స్పాన్సర్‌షిప్ పోవడంతో ఆగదు. మీ మొదటి భార్య ఒక్క ఉత్తరం రాస్తే చాలు.

ఇదే కన్సల్టెంట్ల ఇంకో సలహా కూడా వినే ఉంటారు. "బాబు మీతో రావట్లేదు కదా, మీ పీఆర్ దరఖాస్తులో వాడి పేరు ఎందుకు, మెడికల్ పరీక్షల గొడవ." మీరు ఆ పని చేయలేదని ఆశిస్తున్నాను. పిల్లలు వచ్చినా రాకపోయినా, తల్లి కస్టడీలో ఉన్నా, పేరు రాయాల్సిందే. అప్పుడు దాచిన బిడ్డను తర్వాత ఫ్యామిలీ క్లాస్ కింద, అంటే కుటుంబ సభ్యుడిగా స్పాన్సర్ చేసి తెచ్చుకోవాలంటే, అదే ఇమిగ్రేషన్ రెగ్యులేషన్లలోని 117 అడ్డం వస్తుంది. నేను 2017లో దరఖాస్తు పెట్టినప్పుడు పాప పేరు రాశాను, వాళ్లమ్మను బతిమాలి మెడికల్ చేయించాను. అది ఒక్కటే ఆ రోజుల్లో నేను సరిగ్గా చేసిన పని.

పెళ్లి సంబంధాల సైట్లలో "ఇన్నోసెంట్ డైవోర్సీ" అని రాసి, పిల్లలున్న సంగతి పెళ్లయ్యాక చెప్పేవాళ్లను చూస్తే నాకు చాలా కోపం వస్తుంది. స్పాన్సర్‌షిప్‌లో మీ మొదటి పెళ్లి గురించి ఇద్దరూ సమాధానం చెప్పాలి. మీ భార్యకు బాబు గురించి, ఈ ఏడు నెలల గురించి తెలుసా? మీరు రాయలేదు. తెలియకపోతే ఈ రోజే చెప్పండి. నాకు ఆ రాత్రి ప్రశ్న వేసింది మా ఆవిడే కదా.

ఒకటి ఆలోచించండి. భార్యను స్పాన్సర్ చేసేటప్పుడు చాలామందికి కనీస ఆదాయం ఇంత ఉండాలన్న షరతు కూడా లేదు. ఆమెకు పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు ఆమె తిండి, బట్ట, ఇల్లు నేను చూసుకుంటానని రాసిచ్చే సంతకం మీదే అంతా నడుస్తుంది. కన్నబిడ్డకు కడతానని కోర్టులో ఒప్పుకున్నది కట్టనివాడి సంతకం ఎందుకు నమ్మాలి? ఈ నిబంధన కఠినం అని చాలామంది అంటారు. నాకు మాత్రం కెనడా చట్టాల్లో ఇంత న్యాయమైనది ఇంకొకటి కనపడలేదు. విడాకుల్లో ఆమె "నాకేమీ వద్దు" అని రాసిచ్చింది కదా అంటారు కొందరు. తన భరణం ఆమె వదులుకోవచ్చు. బిడ్డ హక్కును తల్లి వదులుకోవడం కుదరదని మన సుప్రీంకోర్టే చెప్పింది.

మీ విషయానికి వస్తే, డిక్రీ తీసి మెయింటెనెన్స్ పేరా పూర్తిగా చదవండి. ఎవరి ఖాతాలో, ఏ తేదీ లోపు, ఏటా పెంపు ఏమైనా ఉందా చూడండి. పెంపు ఉంటే ఏడు నెలలదే కాదు, ముందు నెలల్లో తక్కువ కట్టినది కూడా బాకీయే. బ్యాంకు ద్వారానే కట్టండి, నగదు వద్దు. ఉద్యోగం లేక కట్టలేని పరిస్థితి నిజంగా ఉంటే, నెలనెలా కట్టే మొత్తాన్ని తగ్గించమని కోర్టును అడగవచ్చు. అడగకుండా ఆపేయడం నేను చేసిన తప్పు. కట్టిన తర్వాత బాబు వాళ్లమ్మ దగ్గర రసీదు, వీలైతే కోర్టులో మెమో తీసుకుని, స్టేట్‌మెంట్లు కూడా జతచేసి అప్పుడు దరఖాస్తు పెట్టండి. అక్కడి నుంచి నిర్ణయం వచ్చేదాకా ఒక్క నెల కూడా తప్పకూడదు. నేను 10వ తేదీ కోసం ఆగకుండా ఒకటో తేదీకే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకున్నాను.

మేము 2023 మేలో పెట్టాం, మా ఆవిడ 2024లో వచ్చింది. లాయర్ గారు రాసిన ఆ మెమో నా దగ్గరుంది. కావాలంటే కింద అడగండి, పేర్లు తీసేసి పెడతాను.