మార్చిలో బాలీ వెళ్తే న్యెపి రోజు తప్పించుకోవాలా?

"మార్చిలో ఇంటిల్లిపాదీ బాలీ వెళ్తున్నాం, మధ్యలో న్యెపి, అంటే బాలీ హిందువులు మౌనంగా పాటించే కొత్త సంవత్సరం రోజు, పడింది, ఆ రోజు అన్నీ మూసేస్తారట, తేదీలు మార్చుకోమంటారా?" అని అడిగారు. వద్దండీ. నన్నడిగితే ఆ రోజు చూసుకునే టికెట్లు కొనాలి.

2023లో మేం చేసింది అదే. టికెట్లు తీసిన ఏజెంటు మా ప్లాన్ చూసి "ఒక రోజు వేస్టయిపోతుంది సార్" అని తెగ బాధపడ్డాడు. అతని ప్యాకేజీలో ఏముందయ్యా అంటే ఉయ్యాల మీద ఫోటో, లెంపుయాంగ్ గుడి ద్వారం దగ్గర ఫోటో, రాత్రికి పనీర్ బటర్ మసాలా. ఆ ద్వారం ఫోటోల్లో కనిపించే చెరువు అక్కడ లేనే లేదు. ఫోన్ కింద అద్దం ముక్క పెట్టి తీస్తారు. దానికోసం మనవాళ్లు టోకెన్ పట్టుకుని గంటలు గంటలు కూర్చుంటారు. రోజులు వేస్టు కావడమంటే అది!

మేం పర్యాటకులు మూగే ఉబుద్ ఊరు వదిలేసి, అగుంగ్ కొండకి దగ్గరగా ఉన్న సిదెమెన్‌లో ఒక ఇంటివాళ్ల గదులు తీసుకున్నాం. మాతో మా మామగారు కూడా ఉన్నారు. తణుకు దగ్గర వ్యవసాయం ఆయనది. న్యెపి ముందు సాయంత్రం ఊరి కుర్రాళ్లు వెదురుతో, కాగితంతో చేసిన పెద్ద పెద్ద రాక్షసబొమ్మల్ని మోసుకుంటూ వచ్చారు. వాటిని ఒగోహ్ ఒగోహ్ అంటారు. నాలుగురోడ్ల కూడలిలో గిర్రున తిప్పుతూ, కంచు వాయిద్యాలు మోగిస్తూ ఒకటే కేకలు. అచ్చం మన వినాయక నిమజ్జనం ఊరేగింపే, డీజే ఒక్కటే తక్కువ.

తెల్లారి ఆరింటి నుంచి మర్నాడు ఆరింటి దాకా నిప్పు రాజెయ్యకూడదు, దీపం పెట్టకూడదు, పని చెయ్యకూడదు, గడప దాటకూడదు, వేడుకలు అసలే కూడదు. మామగారికి పొద్దున్నే నడక అలవాటు కదా, చెప్పినా వినకుండా గేటు తీశారు. నలుపు తెలుపు గళ్ల పంచె కట్టిన పెచలాంగ్, అంటే ఊరి కాపలా మనిషి, నవ్వుతూ చెయ్యెత్తి లోపలికి చూపించాడు. ఈయన కూడా నవ్వేసి వెనక్కి వచ్చి "కర్ఫ్యూ చాలా మర్యాదగా ఉందే" అన్నారు.

ఆ ఏడు ఉగాది కూడా అదే రోజు, మార్చి 22. పచ్చడికి పొయ్యితో పని లేదు కాబట్టి నియమం తప్పకుండానే పండగ చేసుకున్నాం. చింతపండు, తాటిబెల్లం, మామిడికాయ ముందురోజే బజారులో కొనిపెట్టుకున్నాం. వేపపువ్వు దొరక్క చేదుకి కాకరకాయ వేశాం. ఇంటాయన రుచి చూసి మొహం చిట్లించాడు గానీ, తమకిది 1945వ శక సంవత్సరం మొదటిరోజు అన్నాడు. మామగారు గబగబా సంచిలోంచి పంచాంగం తీశారు. శాలివాహన శకం 1945! ఇక ఆయన ఆగలేదు. ఇంటాయనది వచ్చీరాని ఇంగ్లీషు, మధ్యలో నేను దుబాసీని. సాయంత్రం దాకా ఇద్దరూ నీళ్ల గురించే మాట్లాడుకున్నారు.

అక్కడ వరిచేలకి నీళ్లు పంచేది రైతుల సంఘమే. పేరు సుబాక్. ఒక్కో సుబాక్‌కి నీటి గుడి ఉంటుంది. ఎవరు ఎప్పుడు నాట్లు వెయ్యాలో, ఎప్పుడు పొలం ఖాళీగా వదలాలో ఎగువ రైతులూ దిగువ రైతులూ కలిసి మాట్లాడుకుంటారు. అందరూ ఒకేసారి చేలు ఖాళీగా వదిలితే పురుగుకి తిండి దొరకదు. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఇదంతా విని మామగారు "మా దగ్గర శివారు భూములకి నీళ్లు రావాలంటే రోడ్డెక్కాలి" అన్నారు. ఈ మాట ఏ ప్యాకేజీలోనైనా వినపడుతుందా?

గుడులకీ ఇదే వరస. మనవాళ్లు వెళ్లి "విగ్రహమేదీ, గర్భగుడేదీ" అని వెతుక్కుంటారు. అక్కడ ఉండేది ఖాళీ ఆసనం. దేవతలు ఉత్సవానికి దిగొస్తారని వాళ్ల నమ్మకం. అందుకే మామూలు రోజు వెళ్తే రాళ్లే కనిపిస్తాయి, ఉత్సవం రోజున ఊరంతా కనిపిస్తుంది. మీ తేదీలు కుదరకపోతే 210 రోజులకోసారి వచ్చే గలుంగాన్ పండగ చూసుకోండి, వీధి పొడవునా వెదురు తోరణాలే.

న్యెపి ఎప్పుడూ ఉగాది నాడే వస్తుందనుకోకండి. 2026లో రెండూ మార్చి 19నే గానీ, 2024లో న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. కనీసం మూడు రోజులు ముందు దిగితే సముద్రం దాకా సాగే మెలస్తి ఊరేగింపు కూడా దొరుకుతుంది. విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు కాబట్టి తిరుగు టికెట్ ఆ రోజుకి వద్దు. వీసా అక్కడ దిగాకే 5 లక్షల రూపాయాలకి ఇస్తారు, పర్యాటక రుసుము ఇంకో లక్షన్నర. అంకెలు చూసి కంగారుపడకండి, రూపాయా అంటే ఇండోనేషియా డబ్బు, మన రూపాయి కాదు.

మందులు, పిల్లల తిండి ముందురోజు మధ్యాహ్నానికే కొనెయ్యండి, తర్వాత దుకాణాలుండవు. న్యెపి రోజు మొబైల్ డేటా కూడా ఉండదు. రాత్రి బాత్రూమ్ లైటు వేస్తే కిటికీకి దుప్పటి కట్టండి, వెలుగు బయటికి కనిపిస్తే పెచలాంగ్ వచ్చి తలుపు కొడతాడు.