ప్రశ్నలు మీవి, భయం మీ పాపది

ప్రశ్న: నాకు ముప్పై ఆరేళ్లు. బైబిలులో ఏ చిన్న పొరపాటూ లేదని, మా బోధను అంగీకరించని వారందరికీ నిత్య నరకమేనని నమ్ముతూ పెరిగాను. కొంతకాలంగా ఆ రెండు మాటలూ నాకు మింగుడుపడటం లేదు గాని, యేసు మీద ప్రేమ తగ్గలేదు. సంఘ పెద్ద అయిన నా భర్త ఈ విషయం తెలిసినప్పటి నుంచి నాతో కలిసి ప్రార్థించడం మానేశారు. ఆయన మనసు మారుతుందేమోనని పుస్తకాలు ఇస్తున్నాను, ప్రసంగాలు పంపుతున్నాను. చివరికి వాదనే మిగులుతోంది. తొమ్మిదేళ్ల మా పాప, యేసు వచ్చి విశ్వాసులను పైకి తీసుకెళ్లే రోజున, అంటే సంఘం ఎత్తబడినప్పుడు, తానొక్కతే మిగిలిపోతానేమోనన్న భయంతో రాత్రుళ్లు లేచి నన్ను తడిమి చూసుకుంటోంది. పెద్దల ముందు పశ్చాత్తాపపడమని పాస్టరుగారు కబురు పంపారు. నా విశ్వాసం పోయినట్లేనా? నేనేం చేయాలి?

జవాబు: మీరు అడిగిన క్రమాన్ని మార్చి, పాప సంగతితో మొదలుపెడుతున్నాను. మీ సిద్ధాంత ప్రశ్నలు కొన్నేళ్లు ఆగినా నష్టం లేదు గాని, ఆ పిల్ల నిద్ర ఆగే విషయం కాదు. పగటిపూట, తీరికగా ఉన్నప్పుడు, ఆమెకు ఏ భయం కలుగుతోందో పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో సరిదిద్దకండి. తర్వాత, దేవుడు పిల్లలను అమ్మానాన్నల నుంచి విడదీసి వదిలేసేవాడు కాడని మీరు నమ్ముతున్నట్లు రెండు మాటల్లో చెప్పండి. సండే స్కూలులో చెప్పింది అబద్ధమని మాత్రం అనకండి, ఎందుకంటే అప్పుడు ఆమె తాను మిగిలిపోతానని భయపడటంతో పాటు నాన్నకూ అమ్మకూ మధ్య ఎవరి పక్షం వహించాలో తెలియక నలిగిపోతుంది. ఇదే మాట మీ భర్తను కూడా తన సొంత మాటల్లో పాపకు చెప్పమని అడగండి. ఆయన నమ్మకాన్ని వదులుకోవలసిన అవసరం అందులో లేదు: ఎత్తబడుట గురించి అందరూ ఎత్తి చూపే థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగో అధ్యాయం, చనిపోయిన వారి కోసం దుఃఖిస్తున్న వారికి రాసినది, "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ముగుస్తుంది. ఆదరణ కోసం రాసిన మాటలు పిల్లను నిద్రలేపుతున్నాయంటే, చెప్పిన తీరులో ఎక్కడో తేడా వచ్చిందని ఆయనా ఒప్పుకోగలరు. కొన్ని వారాల్లో భయం తగ్గకపోతే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. ప్రార్థన దానికి ప్రత్యామ్నాయం కాదు, అడ్డమూ కాదు.

ఇక మీ విశ్వాసం పోయిందా అన్న ప్రశ్న. మీరు పెరిగిన బోధలో ప్రాచీనమైనదేదో, ఈమధ్య వచ్చి చేరినదేదో తెలిస్తే మీకు సగం ఊరట కలుగుతుందని నా ఉద్దేశం. క్రీస్తు తిరిగి వస్తాడన్న నిరీక్షణ 325లో నీకయ పట్టణంలో కూడిన సంఘ నాయకుల సభలో రూపొంది, 381 నాటి అలాంటి మరో సభతో ముడిపడిన విశ్వాస ప్రమాణంలోనే ఉంది. విశ్వాసులు ముందుగా రహస్యంగా ఎత్తబడి మిగిలినవారు శ్రమల్లో పడతారన్న క్రమం మాత్రం 1830ల ప్రాంతంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి బోధలో స్థిరపడి, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు ద్వారా ఇంటింటికీ చేరింది. లేఖనం దేవుని మాట అన్న నమ్మకం మొదటి నుంచీ ఉన్నదే. అయితే చరిత్ర, ప్రకృతి విషయాలతో సహా అందులో ఏ పొరపాటూ లేదని ఇవాంజెలికల్ నాయకులు షికాగోలో ఒక ప్రకటనగా కూర్చింది 1978లో. ఐదో శతాబ్దపు ఆరంభంలోనే బిషప్పూ వేదాంతీ అయిన అగస్టీన్, ప్రకృతి విషయాల్లో లేఖనం పేరుతో తెలిసీ తెలియని మాటలు చెప్పి లేఖనాన్నే నవ్వులపాలు చేయవద్దని విశ్వాసులను హెచ్చరించాడు. అదే అగస్టీన్ నిత్య శిక్షను గట్టిగా సమర్థించాడు, సంఘంలో అధికులు ఆయన వెంటే నడిచారు. మీ భర్త ఈ మాట అంటే అది న్యాయమైన మాటే. కాని చివరికి అందరూ దేవునితో సమాధానపడతారని ఆశించిన బిషప్పు నిస్సా గ్రెగొరీ ఆ 381 సభలో పాల్గొన్నాడు, నేటికీ పరిశుద్ధుల్లో ఒకడుగా గౌరవం పొందుతున్నాడు. ఆయన ఆశించినదాన్ని ఆశించినంత మాత్రాన మీరు క్రైస్తవురాలు కాకుండా పోరు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రిని యేసు వెనక్కి పంపలేదు, అతని కుమారుణ్ణి బాగుచేశాడు.

ఇంతవరకు చెప్పింది మీకు నచ్చే ఉంటుంది. ఇప్పుడు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీరు ఆ సంఘపు బోధల్లో కొన్నింటిని వదిలారు గాని, దాని అలవాటు ఒకటి మీతోనే వచ్చింది: ఎదుటివారిని ఎలాగైనా మార్చాలి, మారకపోతే వారు నష్టపోతారు అన్న తొందర. ఒకప్పుడు ఇరుగుపొరుగు చేతుల్లో కరపత్రాలు పెట్టిన చేత్తోనే ఇప్పుడు భర్త బల్ల మీద పుస్తకాలు పెడుతున్నారు, అందుకే ఆయన కూడా సువార్తకు ఎదురు తిరిగే మనిషి లాగే ప్రవర్తిస్తున్నారు. నేను పైన చెప్పిన సంవత్సరాలను కూడా దయచేసి ఆయనకు వినిపించకండి; అవి మీ మనసు కుదుటపడటానికి చెప్పినవి, వంటింట్లో వాదన గెలవడానికి కాదు. పౌలు రోమీయులకు రాస్తూ, "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అన్నది ఒకే బల్ల దగ్గర కూర్చుని వేర్వేరుగా నమ్ముతున్న విశ్వాసులతోనే.

ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. భార్య నిత్య నాశనానికి వెళ్తోందని మనస్ఫూర్తిగా నమ్మే మనిషికి రాత్రి నిద్ర పట్టదు. దానికి తోడు, ఇంటివారిని చక్కగా ఏలుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకోగలడన్న తిమోతి పత్రిక మాటను పెద్దలు ఆయన ముఖం మీదే చదివి ఉండవచ్చు. ఆ కోపంలో భయమూ అవమానమూ ఎంతెంత ఉన్నాయో ఆయనకే తెలియకపోవచ్చు. కాబట్టి పుస్తకాలు ఆపేసి ఒకటే అడగండి: "నా గురించి మీకు దేనికి భయంగా ఉంది?" ఆయన చెప్పినదానికి ఆ రోజు జవాబివ్వకండి. ఆయన సొంత మాటలతో ప్రార్థించడానికి వెనుకాడితే, ఇద్దరూ ఏ మార్పూ లేకుండా చెప్పగలిగిన ప్రార్థన ఒకటి ఉంది, ప్రభువు నేర్పినది. దానితో మళ్లీ మొదలుపెట్టమని అడగవచ్చు.

నమ్మనిదాన్ని నమ్ముతున్నట్లు నటించమని నేను చెప్పను. కొన్ని ఆదివారాలు కుటుంబంతో, కొన్ని ఆదివారాలు మీకు ఊపిరాడే మరో సంఘంలో గడపడం కపటం కాదు, ఆ సంగతి దాచినప్పుడే కపటమవుతుంది. ప్రశ్నలు అడగనిచ్చే సంఘాలు పాత సంప్రదాయాల్లోనూ ఉన్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడే సభ్యత్వం గురించి ఆలోచించకండి, ఇప్పుడిప్పుడే ఒక కట్టు విప్పుకున్నవారు వెంటనే మరొకటి బిగించుకోవడం నేను చాలాసార్లు చూశాను.

పెద్దల సమావేశానికి వెళ్లడమా మానడమా అన్నది మీ ఇష్టం. వెళ్తే, ఏ విషయం మీద మాట్లాడతారో ముందుగా రాతపూర్వకంగా అడగండి, మీకు నమ్మకమైన ఒక స్త్రీని వెంట తీసుకెళ్లండి, మీరు చేయని పాపాన్ని ఒప్పుకుంటున్నట్లు ఏ కాగితం మీదా సంతకం చేయకండి. మీ భర్త ఆ గదిలో పెద్దల వరుసలో కూర్చుంటారా, మీ పక్కన కూర్చుంటారా అన్నది మాత్రం ఇంట్లోనే, ముందుగానే ఆయనను అడిగి తెలుసుకోండి.