పాప పియానోకి విడిగా ఒక ల్యాంప్ కొను

చి. ల. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

పాపకి పియానో కొన్నారని తెలిసి చాలా సంతోషించాను. సముద్రం వైపు కిటికీ పక్కన కాకుండా లోపలి గోడకి చేర్చి మంచి పని చేశారు. మన విశాఖ ఉప్పుగాలికి లోపలి తీగలు తుప్పు పడతాయి. కాకపోతే ఆ గోడ దగ్గర పట్టపగలు కూడా మసకగానే ఉంటుంది. అందుకే కవరు, మెత్తటి స్టూలు తర్వాత చూసుకోవచ్చు, ముందు పియానోకంటూ ఒక ల్యాంప్ కొను.

హాల్లో ట్యూబ్‌లైట్ ఉంది కదా అంటావేమో. అది ఎదుటి గోడ మీద ఉంది. పాప పియానో వైపు తిరిగి కూర్చుంటే వెలుగు వీపు మీద, తన తల నీడ పుస్తకం మీద పడతాయి. పైకప్పు లైటు వేస్తే ఫ్యాన్ రెక్కల నీడ పేజీ మీద తిరుగుతుంటుంది. కనిపించడం లేదని పిల్లలు చెప్పరు. మెడ ముందుకి చాస్తారు, భుజాలు ఎత్తేస్తారు, దాంతో చేతులు బిగుసుకుంటాయి. అలాంటప్పుడు నిటారుగా కూర్చోమని టీచర్ ఎంత చెప్పినా ఏం లాభం?

పియానో పుస్తకంలో చిన్న చిన్న గుర్తులే ప్రాణం. నోటు, అంటే స్వరాన్ని చూపే గుర్తు, పక్కన చుక్క ఉంటే దాని నిడివి మరో సగం పెరుగుతుంది. అదే చుక్క నోటు పైనో కిందో ఉంటే పొట్టిగా తెంచి వాయించాలి. స్వరాన్ని అర మెట్టు పెంచే షార్ప్ గుర్తు, ఆ మార్పుని రద్దు చేసే నాచురల్ గుర్తు మసకలో ఒకేలా ఉంటాయి. ఒకసారి తప్పు చదివి అలాగే ప్రాక్టీస్ చేస్తే వేళ్లకి ఆ తప్పే అలవాటైపోతుంది. దాన్ని మాన్పించడం కొత్త పాట నేర్పడం కంటే కష్టం.

పుస్తకం మీద ఒక్కదాని మీదే వెలుగు పడితే చాలదమ్మా. పాప చూపు పేజీ మీదికీ కీస్ మీదికీ పోయి వస్తూ ఉంటుంది. పైన తెల్లగా, కింద చీకటిగా ఉంటే కళ్లు ప్రతిసారీ సర్దుకోవాలి, త్వరగా అలసిపోతాయి. 88 కీస్ వరుస 120 సెంటీమీటర్లకి పైనే ఉంటుంది. పుస్తకానికి తగిలించే చిన్న క్లిప్ లైటు ఒక పేజీకి సరిపోతుంది, రెండో పేజీ చివర చీకటే. అందుకే అడ్డంగా పొడవుగా ఉండి, మెడ వంచుకోగలిగే ఎల్‌ఈడీ ల్యాంప్ తీసుకో. పాత హాలోజన్ బల్బులు వద్దు, ఆ వేడి చెక్క పాలిష్‌కి మంచిది కాదు. వెలుగు తగ్గించి పెంచే వీలుంటే సాయంత్రాలు హాయిగా ఉంటుంది. ప్రాక్టీస్ సమయంలో గది లైటు మాత్రం పూర్తిగా ఆర్పొద్దు.

పియానో పై మూత మీద ల్యాంప్ పెట్టాక నువ్వు నిలబడి చూసి బాగుందనుకోకు. పాప స్టూలు మీద కూర్చుని, తన కళ్ల ఎత్తులోంచి చూడు. బల్బు నేరుగా కంట్లో పడకూడదు. మీది నల్లటి మెరుపు పియానో కాబట్టి దాని ప్రతిబింబం కూడా కళ్లలో కొట్టకూడదు. ల్యాంప్ తల కొంచెం వంచితే సరిపోతుంది. తర్వాత పుస్తకం ముందు పెన్సిల్ పట్టుకుని చూడు, పేజీ మీద గాఢమైన నీడ పడితే ల్యాంప్‌ని ఇంకాస్త మధ్యకి జరుపు.

ల్యాంప్ అడుగున మెత్తటి ఫెల్ట్ గుడ్డ ముక్క అంటించు. గీతలు పడవు, ల్యాంప్ వణకదు. పియానో వాయిస్తున్నప్పుడు ఏదో ఒక నోటు దగ్గర జర్రుమని శబ్దం వస్తే పియానో పాడైందని కంగారు పడకు. ముందు ల్యాంప్ తీసి అదే నోటు వాయించు. చాలాసార్లు వణికేది అదే.

వైరు కీస్ మూత మీదుగా రానివ్వకు, మూత వేసినప్పుడు నలిగిపోతుంది. ఇత్తడి ల్యాంప్ కొంటే మన గాలికి నల్ల మచ్చలు వస్తాయి, తరచూ పొడి గుడ్డతో తుడవాలి. ఆ ఓపిక లేకపోతే పెయింట్ వేసినదే నయం.

ట్యూనింగ్‌కి మనిషి వచ్చే రోజున ల్యాంప్ దించి పక్కన పెట్టు, పై మూత తెరవాలి కదా. పాపకి నా ముద్దులు.

ఆశీస్సులతో,
అత్తయ్య, పెదవాల్తేరు