బిడ్డ హార్మోన్ డాక్టర్ అయితనంటుంది, అమెరికాల అట్లాంటి డాక్టర్ల మీద కేసులట, ఏం చేయాలె?

దేవరకొండ దిక్కు నుంచి ఒక నాన్న రాసిన్రు. బిడ్డ ఎంబీబీఎస్ అయిపోయి హౌస్ సర్జన్ చేస్తుంది. ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల వైద్యం చదువుత, ట్రాన్స్‌జెండర్ వాళ్లకు హార్మోన్ వైద్యం చేసే క్లినిక్‌ల పని చేస్త, అందుకు అమెరికా పోయి ట్రైనింగ్ తీసుకుంట అంటుందట. ఈయన రాసింది ఇది: "మేడం, అక్కడ ఆ వైద్యం చేసే డాక్టర్లకు లైసెన్సులు పోతున్నయి, జైలు అని కూడా చదివిన. రేపు ఇక్కడ కూడా అట్లాంటి చట్టం వస్తే? మీరు నచ్చజెప్పి రేడియాలజీకో స్కిన్నుకో మళ్లించండి. ఒప్పుకోకపోతే అమెరికా మంచిదా ఇక్కడ డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సు) మంచిదా పోల్చి చెప్పండి. సంబంధాలు చూస్తున్నం, నలుగురిల ఏమని చెప్పుకోవాలె?"

అన్నా, మీరు ఆఖరి లైన్ల రాసిందే అసలు ప్రశ్న అని నాకు తెలుసు. సైకియాట్రీ అన్న పిల్లగాని నాన్న "పిచ్చోళ్ల డాక్టర్ అంటరు" అన్నడు, ఫోరెన్సిక్ అన్న పిల్ల అమ్మ "శవాల కాడ పని, ఎవరు చేసుకుంటరు" అని నా ముందట కూసొని ఏడ్చింది. బ్రాంచి ఏదైనా భయం అదే. అయినా చట్టం సంగతి ముందు చెప్త, ఎందుకంటే మీరు చదివింది అబద్ధం కాదు.

అమెరికాల 2021ల అర్కన్సా రాష్ట్రం మొదలుపెట్టింది, 18 ఏండ్ల లోపు ట్రాన్స్ పిల్లలకు ఈ హార్మోన్లు, ఆపరేషన్లు చేయొద్దని. ఆ తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టినయి. అలబామాల 2022 చట్టం ప్రకారం మందు రాసిన డాక్టర్‌కు 10 ఏండ్ల దాక జైలు పడొచ్చు, టెక్సాస్‌ల లైసెన్స్ పోతది, టెన్నెసీల ఒక్కో తప్పుకు 25,000 డాలర్ల జరిమానా. ఆ టెన్నెసీ చట్టం సుప్రీంకోర్టు దాక పోతే 2025 జూన్ 18న 6-3తోని చెల్లుతదని తీర్పిచ్చిన్రు.

డాక్టర్‌కు ఇది ఎట్లుంటదో మీకు ఒక్క ఇంజెక్షన్‌తోని చెప్త. ల్యూప్రోలైడ్ అని ఒక మందు ఉంటది. ఆరేడేండ్ల పిల్ల ఈడు రాకముందే పెద్దమనిషి అయ్యే లక్షణాలు కనిపిస్తే ఎండోక్రైనాలజిస్ట్ అది ఆపనీకి ఇస్తరు, అది టెన్నెసీల కూడా తప్పు కాదు. అదే మందు, అదే సూది, ట్రాన్స్ అని చెప్పుకున్న పద్నాలుగేండ్ల పిల్లకు ఇస్తే అక్కడి చట్టం ప్రకారం తప్పు. అంటే కేస్ షీట్ల "ఎందుకు ఇస్తున్నం" అన్న ఒక్క లైను డాక్టర్‌ను కోర్టుకు తీసుకపోతది. పిల్లల విషయంల డాక్టర్లల్ల కూడా వాదన ఉంది, అది దాచను. బ్రిటన్‌ల 2024 ఏప్రిల్‌ల డాక్టర్ హిలరీ కాస్ ఇచ్చిన రిపోర్టు ఈ వైద్యానికి ఆధారాలు బలహీనంగ ఉన్నయన్నది, అదే ఏడు డిసెంబర్‌ల అక్కడ ఈ ఈడు ఆపే మందులను 18 లోపు ట్రాన్స్ పిల్లలకు నిలిపేసిన్రు. అమెరికా పీడియాట్రిక్స్ అకాడమీ, ఎండోక్రైన్ సొసైటీ మాత్రం నిషేధాలు వద్దంటున్నయి. మీ బిడ్డ ఈ రెండు దిక్కులా చదవాలె, ఏదో ఒక వాట్సాప్ గ్రూప్‌ల వచ్చింది పట్టుకోవద్దు.

పెద్దోళ్లకు చేస్తే ఏం కాదు కదా అంటరేమో, అట్ల కూడా లేదు. ఫ్లోరిడాల 2023ల డాక్టరే ఎదురుంగ కూసొని సంతకాలు తీసుకోవాలె అని పెట్టిన్రు, అప్పటిదాక ఈ వైద్యం చూసుకున్న నర్స్ ప్రాక్టీషనర్లు (మందులు రాసే అధికారమున్న నర్సులు) ఒక్కసారిగ పక్కకు పోయిన్రు, వాళ్ల దగ్గరకు పోయే పెద్ద వయసు పేషెంట్లు ఆగమైన్రు. కాలిఫోర్నియాల అయితే అసలు నిషేధమే లేదు, అయినా లాస్ ఏంజిలిస్ పిల్లల హాస్పిటల్ 2025 జులైల తన ట్రాన్స్ పిల్లల సెంటర్ మూసేసింది, అమెరికా కేంద్ర ప్రభుత్వం ఫండ్స్ ఆగుతయన్న భయానికి. చట్టం లేని కాడ కూడా పైసలు ఆగితే తలుపులు పడ్డయి, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ల చెప్త.

ఇగ అమెరికా సంగతి. నల్లగొండల ఇంటికొక్కరు అమెరికా అయిపోయింది, మెడిసిన్ చదివిన పిల్లలు కూడా అదే దారి అనుకుంటున్నరు. నాకు ఈ దారి మీద ముందు నుంచే అనుమానం, ఈ పని కోసమైతే ఇంకా ఎక్కువ. అక్కడి పౌరుడైన డాక్టర్ తన రాష్ట్రంల చట్టం మారితే సామాను సదురుకొని పక్క రాష్ట్రం పోతడు. మన పిల్ల వీసా మీద ఉంటది. జే-1 అనే ట్రైనింగ్ వీసా మీద రెసిడెన్సీ (మన ఎండీ లాంటిది) చేస్తే తర్వాత రెండేండ్లు ఇండియాకు వచ్చి ఉండాలె, రావొద్దంటే కాన్రాడ్ 30 లాంటి వేవర్, అంటే మినహాయింపు కింద డాక్టర్లు తక్కువున్న కాడ మూడేండ్లు ఆ హాస్పిటల్‌లనే పనిచేయాలె. ఆ మూడేండ్ల మధ్యల చట్టం మారితే ఎక్కడికి పోతది? నోరు మూసుకొని షుగర్ కేసులే చూస్తది. అందుకోసం దేవరకొండల భూమి అమ్ముతరా? కాలం లెక్క చెప్పాలంటే అక్కడ రెసిడెన్సీ మూడేండ్లు, ఎండోక్రైన్ ఫెలోషిప్ (మన డీఎం లాంటిది) రెండేండ్లు, ఇక్కడ ఎండీ మూడు, డీఎం మూడు. ఒక్క ఏడు తేడా. ఇక్కడి నీట్ పీజీ, అక్కడి యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల సంగతి మీ బిడ్డకే నాకంటె బాగ తెలుసు, వదిలేద్దాం.

ఇక్కడ అట్లాంటి చట్టం వస్తే అన్నరు. చట్టాలు మారుతయి, ఎప్పటికప్పుడు చూసుకోవాలె. కానీ ఇన్నేండ్ల నడక చూడండి. మన సుప్రీంకోర్టు 2014ల ట్రాన్స్‌జెండర్ వాళ్ల హక్కులను గుర్తిస్తూ నల్సా తీర్పు ఇచ్చింది. 2019ల చేసిన ట్రాన్స్‌జెండర్ చట్టంల 15వ సెక్షన్, హార్మోన్ వైద్యం, ఆపరేషన్, కౌన్సెలింగ్ ప్రభుత్వమే అందుబాటుల పెట్టాలె అని రాసింది. "మార్చేస్తం, నయం చేస్తం" అని కన్వర్షన్ థెరపీ చేసే డాక్టర్‌దే తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022ల చెప్పింది. మన నిజాం కాలంల 1919ల ట్రాన్స్ వాళ్లను దొంగల లెక్క రిజిస్టర్‌ల రాసే చట్టం తెచ్చిన్రు, దాన్ని 2023ల తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఉస్మానియా హాస్పిటల్‌ల 2022 నుంచి ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అని ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లే డ్యూటీల చేరిన్రు.

భయపడాల్సింది పైసల గురించి. హైదరాబాద్ నారాయణగూడల 2021ల మిత్ర్ క్లినిక్ అని పెట్టిన్రు, దేశంల మొదటి ట్రాన్స్ క్లినిక్ అన్నరు. 2025ల అమెరికా సాయం ఆపేసినంక అది మూతపడ్డది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతోని వేరే పేరు మీద తెరిసిన్రు. వాషింగ్టన్‌ల సంతకం పెడితే నారాయణగూడల తాళం పడ్డది చూడండి. అందుకే మీ బిడ్డకు నేను చెప్పేది, జెండర్ క్లినిక్ ఒక్కదాని మీదనే బతుకు పెట్టుకోకు, ఎండోక్రైనాలజిస్ట్‌గ నిలబడు, వారంల ఒక పూట ఆ ఓపీ పెట్టుకో. షుగర్, థైరాయిడ్, పీసీఓడీ మన జిల్లాలల్ల ఎన్ని ఇండ్లల్ల ఉన్నయో మీకు తెలియంది కాదు. ఆ డీఎం చేతిల ఉంటే ఏ చట్టం వచ్చినా మీ బిడ్డ ఖాళీగ కూసోదు, ఇది మాత్రం గుండె మీద చెయ్యేసుకొని నమ్మండి.

రెండేండ్ల కింద నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నన్ను కలవనీకి ఒక డిగ్రీ పిల్ల వచ్చింది, ట్రాన్స్. అడిగింది పీజీ సీటు గురించి, కానీ కూసునేటప్పుడు ఎడమ కాలు మడవలేకపోయింది. పిక్క ఉబ్బి మెరుస్తుంది. బ్యాగుల నుంచి నల్ల కవర్ తీసింది, నిండా పిల్లలు పుట్టకుండ వేసుకునే గోళీలు, ఎవరో చెప్తే రోజుకు నాలుగు వేసుకుంటుందట. ఒక హాస్పిటల్‌కు పోతే ఓపీ చీటీ కాడ "ఆడ లైనా మగ లైనా" అని అడిగి అందరు నవ్విన్రట, ఎనక్కి వచ్చేసింది. హైదరాబాద్ తీసుకపోతే అక్కడ డాక్టరమ్మ పిక్క ఒత్తి చూసి వెంటనే స్కాన్‌కు పంపింది, రక్తం గడ్డ కట్టింది. నల్లగొండలనే ఒక్క డాక్టర్ నవ్వకుండ చూసుంటే అంత దాక రాకపోవు. 2022ల నెల్లూరు లాడ్జిల ఫార్మసీ పిల్లలు ఆపరేషన్ చేస్తే ఒకరి పాణం పోయింది, పేపర్ల చదివే ఉంటరు. చదువుకున్న డాక్టర్లు లేని కాడ ఇట్లాంటోళ్లు చేస్తరు.

ఇగ నలుగురి మాట. కోపం చేసుకోవద్దన్నా, కానీ అడుగుత. కొత్త షాపు తెరిస్తే ట్రాన్స్ వాళ్లను పిలిచి దీవెన తీసుకుంటం, పిల్ల పుడితే వాళ్ల చేతుల పెడతం. అట్లాంటోళ్లకు రోగమొస్తే చూసేది మీ బిడ్డ అయితే సిగ్గు ఎందుకు? ఆరేండ్లు కష్టపడి చదివిన పిల్లను "మళ్లించండి" అని నన్ను అడుగుతున్నరు గానీ, ఎందుకు అనిపించిందమ్మా అని ఆమెను ఒక్కసారన్నా అడిగిన్రా? మీ ఉత్తరంల ఆమె చెప్పిన కారణం ఒక్క ముక్క లేదు, అది చూసే నాకు బాధైంది. సంబంధం చూడవచ్చినోళ్లకు "మా బిడ్డ హార్మోన్ల డాక్టర్" అని చెప్పండి, అది నిజమే కదా. ఆమె ఎవరికి వైద్యం చేస్తదో ఇని లేచిపోయేటోళ్లు పోనీండి, వాళ్లింటికి పోయి ఆమె ఎట్ల బతుకుతది.

ఈ ఆదివారం డ్యూటీ లేకపోతే పిల్లను ఇంటికి రమ్మనండి, మీరిద్దరు మాట్లాడుకోండి. పీజీ సీట్ల కౌన్సెలింగ్‌ల జనరల్ మెడిసిన్‌నో పీడియాట్రిక్స్‌నో ముందు ఏది పెట్టాలె అన్నది ఆమెనే రాసుకోనీయండి, రెండిట్ల దేన్నుంచైనా ఎండోక్రైన్ డీఎంకు పోవచ్చు. రేడియాలజీ అన్న మాట ఆమె నోటి నుంచి వస్తే అప్పుడు నాకు ఫోన్ చేయండి.