జలాశయం ఒడ్డు గిరిజనులకు చేపల శిక్షణ: ముందు వల ఎవరిదో అడగండి

మీ సంస్థ తరఫున ఒక జలాశయం ఒడ్డున ఉండే గిరిజన మత్స్యకారులకు మూడు రోజుల శిక్షణ పెడుతున్నామని రాశారు. చేపలు తరిగిపోకుండా పట్టడం, పట్టిన చేపను ఎండబెట్టడం, పచ్చడి పెట్టడం, వీటిలో ఏది నేర్పితే వాళ్లకు నిజంగా పనికొస్తుందని అడిగారు.

నేను ఫిషరీస్ చదివి, కొన్నేళ్లు నల్లమలలో శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉన్న చెంచు గూడేల్లో ఇదే పని చేశాను. మొదటిసారి చాలా తప్పులు చేశాం. ఆ తప్పుల దగ్గరే మొదలుపెడతాను.

మొదటి శిక్షణ గూడెం నుంచి దూరంగా ఒక హాల్లో పెట్టాం. గోడ మీద బొమ్మలు వేసి, వల కన్ను (వలలోని రంధ్రం) ఎంత ఉండాలి, పిల్ల చేపను పడితే ఏమవుతుంది అని రెండు రోజులు చెప్పాం. అందరూ ఓపిగ్గా విన్నారు. మూడో రోజు భోజనాల దగ్గర ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, "సార్, సన్న కన్ను వల చెడ్డదని మాకు తెలీదా? ఆ వల మాది కాదు గదా. షావుకారు ఇచ్చినాడు. పడిన చేపంతా ఆయనకే వెయ్యాల" అన్నాడు.

రెండు రోజులు మేం చెప్పింది వాళ్లకు ముందే తెలుసు. మాకు తెలియాల్సింది ఆ ఒక్క మాట. వ్యాపారి వల ఇస్తాడు, పుట్టి (గుండ్రటి చిన్న తెప్ప) ఇస్తాడు, ఇంట్లో జబ్బు చేస్తే అప్పు ఇస్తాడు. బదులుగా చేప ఆయన చెప్పిన ధరకే పోవాలి. ఏ కన్ను వల ఇవ్వాలో కూడా ఆయనే చూసుకుంటాడు, చిన్నదైనా పెద్దదైనా రోజూ సరుకు రావాలి కదా. ఇక అలివి వలల సంగతి కృష్ణ ఒడ్డున ఎవరినడిగినా చెబుతారు. దోమతెరలాంటి ఆ వల లాగితే వేలంత పిల్ల కూడా మిగలదు. పెద్ద జలాశయాల్లో ప్రభుత్వం వదిలే చేప పిల్లలు 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటాయి, అంటే చూపుడు వేలంత. వదిలిన చోటే కొద్ది రోజులకు అలివి తిరిగితే ఆ పిల్లలు ఎండుచేపల బస్తాల్లోకి పోతాయి. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

అందుకే నా సలహా: చేపలు పట్టడం ఒక పాఠం, ఎండబెట్టడం ఇంకో పాఠం అని విడదీయకండి. చేపను నాలుగు రోజులు చెడకుండా ఉంచుకోగలిగితేనే వాళ్లు ధర గురించి నోరు విప్పగలరు. నాలుగు డబ్బులు మిగిలితేనే సొంత వల కొనుక్కోగలరు. వల సొంతమయ్యాకే మీరు కన్ను సైజు గురించి చెప్పే మాటకు అర్థం ఉంటుంది.

రెండోసారి శిక్షణ ఒడ్డు మీదే పెట్టాం. తెల్లారి వలలు ఎత్తే వేళకు మేం అక్కడ ఉన్నాం. ఆ రోజు ఒక వలలో బొచ్చె (కట్ల) పిల్లలు పడ్డాయి. త్రాసు మీద వేస్తే ఏడు కలిసి కిలో తూగాయి. మేత దండిగా ఉన్న నీళ్లలో బొచ్చె ఏడాదికి కిలో దాటుతుంది. ఏడింటిలో సగం చచ్చినా మిగిలినవి మూడు కిలోల పైన తూగుతాయి, పైగా పెద్ద చేపకు కిలో ధర ఎక్కువ. లెక్క నేను చెప్పలేదు. ఆడవాళ్లే రాళ్లు పేర్చుకుని వేసుకున్నారు. ఆ తర్వాత వల కన్ను సాగదీసి, నాలుగు వేళ్లు సులువుగా దూరుతున్నాయా లేదా అని ఎవరి వల వాళ్లే చూసుకున్నారు. స్కేలు అవసరం రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సన్న కన్ను వల పూర్తిగా మానెయ్యమని మాత్రం చెప్పకండి. పరిగె, చిన్న రకం జెల్లలాంటివి బాగా ఎదిగినా చిన్నగానే ఉంటాయి. ఇంట్లో కూర అవే. వాటిని కూడా వద్దంటే ఇంట్లో పసిపిల్లల కంచంలోంచి తీసేసినట్టే. మేం గూడెంలో కూర్చుని రెండు కట్టుబాట్లు చేసుకున్నాం: జులై, ఆగస్టుల్లో కొత్త నీళ్లు వచ్చి చేప గుడ్లు పెట్టే రోజుల్లో వాగులు కలిసే చోట వల వెయ్యకూడదు, చేప పిల్లలు వదిలిన చోట రెండు నెలలు ఏ వలా తిరగకూడదు. ఇంతకంటే ఎక్కువ పెట్టి ఉంటే నిలబడేవి కావు.

చేప బయటికి వచ్చాక మొదట ఐసు గురించి చెప్పండి. మన ఎండలకు చేప కొన్ని గంటల్లోనే మెత్తబడుతుంది. వ్యాపారి మొప్ప ఎత్తి చూసి, మొహం చిట్లించి ధర తగ్గించేది అక్కడే. వేసవిలో కిలో చేపకు కిలో ఐసు కావాలి. గడ్డను బాగా పగలగొట్టి, అడుగున ఒక పొర, చేప, మళ్లీ పొర వెయ్యాలి. కరిగిన నీళ్లు పోవడానికి పెట్టెకు కింద కంత ఉండాలి. ఈ కంత విషయం చాలామంది వదిలేస్తారు, చేప ఆ మురికి నీళ్లలోనే నానుతుంది. ఐసు అందేదాకా చేపను నీడన పెట్టి తడి గోనె కప్పినా ఎంతో తేడా ఉంటుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్టీలకు, మహిళలకు యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సాయం పెట్టారు, ఐసు పెట్టెతో బండి కూడా అందులో ఉండేది; ఇప్పుడూ ఉందో లేదో మత్స్య శాఖలో అడగండి. దానికి కాగితాలు కావాలి. కాబట్టి చేపలు పట్టే లైసెన్సు, మత్స్యకారుల సొసైటీ సభ్యత్వం ఎవరి పేరు మీద ఉన్నాయో శిక్షణకు ముందే చూసుకోండి. మా దగ్గర నీళ్ల మీద ఉండేది ఒకరు, కాగితంలో ఉండేది ఇంకొకరు.

ఎండబెట్టే పని ఆడవాళ్లది. కాబట్టి ఆ పూట ఆడవాళ్లకే పెట్టండి, వంట అయ్యాక. గూడెంలో చేపలు ఇసుక మీద, బండల మీద ఆరేసేవాళ్లు. ముసురు పట్టిందంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడేది. పురుగు పట్టకుండా కొందరు వ్యాపారులు పొలానికి కొట్టే మందు పొడి చల్లమని ఇచ్చేవాళ్లు. ఒకావిడ ఆ పొడి డబ్బా తెచ్చి, "ఇది వెయ్యొచ్చా సార్?" అని నా చేతిలో పెట్టింది. ఆ డబ్బా పక్కనే ఆమె చంటిపిల్ల ఆడుకుంటోంది. ఆ మందు తినే చేపకు తగలకూడదని మీరు గట్టిగా, ఏ మొహమాటం లేకుండా చెప్పాలి.

దానికి బదులు ఉప్పు చాలు. పొట్ట తీసి, చీల్చి, మంచి నీళ్లతో కడిగిన చేప కిలోకు పావు కిలో ఉప్పు పట్టించి, టబ్బులో పేర్చి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున ఊరిన నీళ్లు వంపేసి, ఒకసారి నీళ్లతో కడిగి, నడుమెత్తు పందిరి మీద ఆరెయ్యాలి. వెదురు పని చెంచులకు మనం నేర్పేదేమీ లేదు, మధ్యాహ్నానికల్లా నాలుగు పందిళ్లు కట్టేశారు. వాటి మీద పరవడానికి ఏం వాడదామా అని చూస్తుంటే ఒకతను ఇంట్లోకి వెళ్లి, చిరిగిన సన్న కన్ను వల తెచ్చి బిగించాడు. పైన దోమతెర కప్పాం. సాయంత్రం మంచు పడకముందే లోపల పెట్టి, మళ్లీ పొద్దున తిరగేసి వేస్తే రెండు మూడు రోజుల్లో ఎండుతుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడకూడదు.

తూకం ముందే చెప్పండి. మూడు నాలుగు కిలోల పచ్చి చేపకు ఒక కిలో ఎండుది వస్తుంది. మేం చెప్పకపోవడం వల్ల మొదటి విడతలో తూకంలో మోసం జరిగిందని అనుకుని గొడవపడ్డారు. పెద్ద బొచ్చెను ఎండబెట్టించకండి, పచ్చిగా అమ్మితేనే లాభం. వ్యాపారి చవగ్గా లాగేసుకునే చిన్న, మధ్య రకాలే ఎండబెట్టడానికి తగినవి. పొగబెట్టే పద్ధతి మేం నేర్పలేదు. పులుల అభయారణ్యం పక్కన కట్టెల ఖర్చు పెంచే పని వద్దనిపించింది.

పచ్చడి సంగతి చెప్పాలంటే, మొదటి శిక్షణలో మేం అది కూడా నేర్పాం. ఫోటోలు బాగా వచ్చాయి. నూనె, సీసాలు, లేబుళ్లు, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, పట్నంలో కొనేవాళ్లు, వీటిలో ఏదీ గూడెంలో లేదు. నెల తర్వాత వెళ్తే చూరు కింద సీసాలు బూజు పట్టి వరసగా ఉన్నాయి. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. కొనేవాళ్లు ముందే ఖాయమైతే తప్ప పచ్చడి జోలికి వెళ్లకండి. ప్రాసెసింగ్ శిక్షణకు విశాఖలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రాన్ని అడగండి, వాళ్ల శాస్త్రవేత్తలకు ఈ పని బాగా తెలుసు. హైదరాబాద్‌లోని జాతీయ మత్స్య అభివృద్ధి మండలికి కూడా ఉత్తరం రాయండి.

మూడు రోజులు ఒకేసారి పెట్టే బదులు ఒక్కో రోజుకు మధ్య పదిహేను రోజుల ఎడం ఇవ్వండి. రెండోసారి వెళ్లినప్పుడు పందిరి మీద ఏముందో చూస్తే, మీ మొదటి రోజు పాఠం ఎంత పనికొచ్చిందో తెలిసిపోతుంది. కూలి పోతుంది కాబట్టి ఆ రోజు డబ్బు ఇవ్వండి. పుట్టిలో వెళ్లేవాళ్లకు లైఫ్ జాకెట్లు బడ్జెట్‌లో రాయండి. వరద రోజుల్లో గాలి లేస్తే ఆ నీళ్లు సముద్రంలా ఉంటాయి.

తేదీ పెట్టుకునే ముందు ఒకసారి తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్లి, వల ఎవరిదో, ఐసు ఎంత దూరం నుంచి వస్తుందో, ఎండు చేప ఎవరు కొంటున్నారో అడిగి రండి. ఆ మూడూ ఇక్కడ రాస్తే, మీ మూడు రోజులు ఎలా పంచుకోవాలో కూర్చుని ప్లాన్ చేసి ఇస్తాను.