పక్షుల మీద ఆసక్తి ఉపాధికి దారి చూపుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. నగరంలోని పక్షులు, చెట్ల సంరక్షణ కోసం స్థానిక సంస్థలతో కలిసి పనిచేస్తానంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? బీఈడీ చేయించడం మేలా?
- ఒక తల్లి, పటమట

జవాబు: అమ్మా, ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయి గాని, వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక ప్రాజెక్టు కాలానికి పరిమితమైనవి. అక్కడ పట్టాతో పాటు, స్థానికులతో కలిసి అభ్యర్థి ఏం చేసిందన్నది కూడా చూస్తారు. కనుక మీ అమ్మాయి చేస్తానంటున్న పనిని చదువులో భాగంగానే భావించండి.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నిశ్చింతగా గూళ్లు కట్టుకుంటున్నాయంటే, అటవీ శాఖ ఒక్కటే కాదు, ఆ గ్రామస్థులు కూడా వాటిని తమవిగా భావించడమే కారణం. ప్రజలను ఇలా కలుపుకొనిపోయే నేర్పు తరగతి గదిలో అలవడదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ, నగరపాలక సంస్థ వంటి ప్రతి స్థానిక పాలన సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఆ ప్రాంతపు మొక్కలు, జంతువులు, వాటి గురించి స్థానికులకున్న పరిజ్ఞానం నమోదు చేస్తూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు కావాలి. కృష్ణలో వల వేసే జాలరికి, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే కొండపల్లి కళాకారుడికి తెలిసిన సంగతులు ఇందులో చేరవలసినవే. బందరు కాలువ గట్టున ఒక కిలోమీటరు మేర ఏ చెట్లున్నాయో, ఏ నెలలో ఏ పక్షులు వస్తున్నాయో ఏడాది పాటు రాసి, పక్షుల వివరాలను ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల నమోదు వేదికలో నమోదు చేయమనండి. రేపు గట్టు సుందరీకరణ పేరిట చెట్ల మాట వచ్చినప్పుడు నగరపాలక సంస్థ ముందు పెట్టడానికి ఆ వివరాలే ఆధారమవుతాయి. పాములను పట్టడం, గాయపడిన పక్షులను ఇంటికి తేవడం మాత్రం వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్ట్యా అటవీ శాఖకు తెలియజేయడమే సరైన పద్ధతి.

పై చదువుకు నాగార్జున విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉంది. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా ప్రయత్నించదగినదే. జువాలజీ డిగ్రీతో యూపీఎస్సీ వారి ఐఎఫ్‌ఎస్ (భారత అటవీ సర్వీసు) పరీక్షకూ అర్హత ఉంటుంది.

బోధన పట్ల ఇష్టముంటే బీఈడీ మంచి చదువే. భయంతో మాత్రం చేయించకండి. ముందుగా ఆమెను కళాశాల జువాలజీ అధ్యాపకులతో మాట్లాడి, ఈ కాలువగట్టు పనినే ప్రాజెక్టుగా తీసుకొనే వీలుందేమో అడగమనండి. పనిచేసిన ప్రతి సంస్థ నుంచీ అనుభవ పత్రం తీసుకోమనండి.